మీ నాన్నగారి పద్దెనిమిది లక్షలూ, ఆ నాలుగు లక్షలూ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు కావలిలో టీచరుగా రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో 18 లక్షలు ఒక ప్రభుత్వ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. ఒక శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని ఇంకో 4 లక్షలు ఊళ్లోని ఒక పరస్పర సహాయక సహకార సొసైటీలో వేశారు. ‘బ్యాంకులన్నీ లోపల డొల్ల, మునిగితే 5 లక్షలకు మించి రూపాయి రాదు’ అని వాట్సాప్‌లో మెసేజ్ చూసిన దగ్గర్నుంచి ఆయనకు నిద్ర లేదు. మీ మేనమామేమో ఆ 18 లక్షలూ తీసేయండి, తెలిసిన రొయ్యల మేత డీలరుకు రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానంటున్నారు. అసలు దేశంలో బ్యాంకులన్నీ ఒకేసారి మునిగే పరిస్థితి వస్తుందా, మేం ఏం చేయాలి అని అడిగారు.

నేను ఒక ప్రభుత్వ బ్యాంకులో 33 ఏళ్లు పనిచేశాను. కనిగిరి, కందుకూరు, చీమకుర్తి, నెల్లూరు, చివర్లో ఒంగోలు. జవాబు ముందే చెప్పేస్తాను. టెన్షన్ పడాల్సింది ఆ 4 లక్షల గురించి. 18 లక్షల జోలికి ఇప్పుడే పోకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త వివరంగా రాయాలి, ఓపిగ్గా చదవండి.

ముందు, మనం వేసిన డబ్బు బ్యాంకులో ఎక్కడుంటుందో చూద్దాం. 100 రూపాయల డిపాజిట్ తీసుకుంటే సీఆర్ఆర్ కింద రిజర్వ్ బ్యాంకు దగ్గర కొంత ఉంచాలి. చాలాకాలం 4, 4.5 శాతం ఉండేది, 2025లో దాన్ని 3 శాతానికి దించారు. ఎస్ఎల్ఆర్ కింద 18 రూపాయలు ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో ఉంటాయి. మిగతాదంతా దాదాపుగా అప్పుల రూపంలో ఊళ్ల మీద ఉంటుంది. బ్రాంచి స్ట్రాంగ్ రూమ్‌లో ఉండేది చేతి ఖర్చు డబ్బు మాత్రమే. జనం మాత్రం తమ కట్ట తమ పేరు రాసి లోపల బీరువాలో పెట్టి ఉంటారనుకుంటారు. చదువుకున్నవాళ్లు కూడా.

2017లో కేంద్రం, మునిగే ఆర్థిక సంస్థలను ఏం చేయాలో చెప్పే ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు తెచ్చింది. అందులో ‘బెయిల్-ఇన్’ అని ఒక మాట ఉంది. బ్యాంకు మునిగితే డిపాజిటర్ల డబ్బుతోనే దాన్ని లేపుతారని ఆ మాటకు అర్థం చెప్పుకున్నారు. 2018 ఆగస్టులో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు కానీ ఈలోపు జరగాల్సింది జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్ర, తెలంగాణల్లో ఏటీఎంలు ఖాళీ అయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ భయం కూడా ఒకటి.

ఆ రోజుల్లో మా బ్రాంచిలో డిపాజిట్లు 70 కోట్ల పైమాటే. రాత్రికి ఉంచుకోవడానికి మాకు అనుమతి ఉన్న నగదు అర కోటి కూడా లేదు. ఒక సోమవారం తలుపులు తీసేసరికే వరండాలో ముప్పై మంది. ముందున్న పెద్దాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ‘ఏంది సారూ, మా డబ్బులు మీరే మింగేస్తారంట గదా?’ అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. ఒక్కొక్కళ్లు నాలుగు లక్షలు, అయిదు లక్షలు రాసిస్తున్నారు. పదకొండున్నరకే పెట్టెలో అడుగు కనిపిస్తోంది. క్యాషియర్ నా వైపు చూస్తున్నాడు.

‘రేపు రండి’ అన్న మాట ఎవరి నోటా రాకూడదని మా వాళ్లకు చెప్పాను. ఆ మాట గేటు దాటితే సాయంత్రానికి చుట్టుపక్కల పది ఊళ్లు దిగుతాయి. పెద్ద నోట్లు అయిపోతే చిన్న నోట్లు లెక్కపెట్టి ఇమ్మన్నాను, నిదానంగానే ఇమ్మన్నాను. బ్రాంచిలకు నగదు పంపే కరెన్సీ చెస్టుకు ఫోను మీద ఫోను. మూడు గంటలకు క్యాష్ వ్యాన్ వచ్చి వాకిట్లో ఆగింది. తుపాకీ గార్డు ముందు దిగాడు, వెనక ఇనప్పెట్టెలు దించారు. లైన్లో ఉన్నవాళ్లు ఆ పెట్టెలు చూశారు. సగం మంది చీటీలు జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. తలగుడ్డ పెద్దాయన మాత్రం తీసుకునే వెళ్లాడు. రెండు నెలల తర్వాత పంట డబ్బుతో కలిపి తెచ్చి మళ్లీ వేశాడు.

ఇది మా బ్రాంచి లోపమూ కాదు, మా బ్యాంకు లోపమూ కాదు. ఎంత గట్టి బ్యాంకైనా అంతే. అందరూ ఒకే రోజు అడిగితే ఇవ్వలేదు, అందరూ ఒకే రోజు అడగరన్న నమ్మకం మీదే బ్యాంకు నడుస్తుంది. ఈ విషయం మీద లెక్కలు కట్టి చెప్పిన డైమండ్, డిబ్‌విగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలకు 2022లో నోబెల్ ఇచ్చారు, వాళ్లతో పాటు బెర్నాంకీకి. ఇప్పుడైతే లైను కూడా అక్కర్లేదు. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు బయటికి పోయాయి, ఎక్కువ భాగం ఫోన్లు, కంప్యూటర్ల మీదే. మర్నాడు బ్యాంకు మూతపడింది. వాళ్లు కొన్నవి అమెరికా ప్రభుత్వ హామీ ఉన్న బాండ్లే. కానీ వడ్డీ రేట్లు తక్కువున్నప్పుడు కొన్నారు. రేట్లు పెరిగాక బయట కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తుంటే పాత బాండ్లు తక్కువ ధరకు తప్ప ఎవరూ కొనరు కదా. నగదు కోసం అమ్మారు, 180 కోట్ల డాలర్ల నష్టం బయటపడింది, ఆ వార్తే వాళ్ల కొంప ముంచింది.

కాబట్టి భయం ఒక ప్రమాదం. కానీ భయం ఊరికే పుట్టదు. లోపల ఏదో దాచారన్న అనుమానం దగ్గర పుడుతుంది. నా లెక్కలో అసలు రోగం ఆ దాచడమే. అప్పు ఎగ్గొడితే బ్యాంకు మునగదు. ఎగవేత బ్యాంకు వ్యాపారంలో ఒక ఖర్చు, దానికి ముందే లాభంలోంచి తీసి పక్కన పెడతారు. ఎగ్గొట్టిన అప్పును బాగున్న అప్పుగా పుస్తకంలో రాసుకుంటూ పోతేనే మునుగుతుంది.

ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. నోట్ల రద్దుకు ముందు మాట, పొగాకు పండే వైపు ఒక బ్రాంచిలో మేనేజరుగా ఉన్నాను. మార్చి నెల. పంట రుణాలు రెన్యువల్ చేయాలి. నియమం ఏమిటంటే రైతు పాత అప్పు, వడ్డీ కట్టాలి, కట్టాక కొత్తగా ఇస్తాం. రైతు దగ్గర డబ్బెక్కడిది? బ్యాంకు ఎదురుగా వేపచెట్టు కింద ఒక ఫైనాన్షియర్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వెయ్యి నోట్ల కట్ట, లక్ష రూపాయలు, రైతు చేతిలో పెడతాడు. రైతు లోపలికొచ్చి కట్టేస్తాడు. మధ్యాహ్నానికల్లా కొత్త అప్పు ఖాతాలో పడుతుంది, డ్రా చేసి బయటికెళ్లి ఫైనాన్షియర్‌కు లక్ష, పైన ఒక వెయ్యి ఇచ్చేస్తాడు. అదే కట్ట తర్వాతి రైతుకు. మన దగ్గర దీన్ని బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు, మీ నాన్నగారికీ తెలిసే ఉంటుంది.

ఒకరోజు సాయంత్రం మా క్యాషియర్ ఒక కట్ట పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. చుట్టిన కాగితం మీద ఒక మూల పసుపు మరక ఉంది. ‘సార్, ఇది పొద్దుట్నుంచి ఆరోసారి నా కౌంటరు దాటడం’ అన్నాడు. ఆరు అప్పులు తీరాయి, ఆరు అప్పులు పుట్టాయి, కట్ట ఒక్కటే. ఆ నెలాఖరున పై ఆఫీసు నుంచి ఫోన్ చేసి మా బ్రాంచిలో పంట రుణాల వసూళ్లు వందకు వంద అని మెచ్చుకున్నారు. నేను థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్తాను?

ఆ ఏడాది ఫరవాలేదు, తర్వాతి ఏడాదీ గడిచింది. 2015లో ప్రకాశం జిల్లాలో పొగాకు ధరలు పడిపోయాయి. రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు పసుపు మరక కట్టలు కూడా పనికిరాలేదు. ఎందుకంటే ఫైనాన్షియర్ ఇవ్వడం మానేశాడు. వాడికి మాకంటే ముందే తెలుసు.

మా చిన్న బ్రాంచిలో జరిగిందే పెద్ద స్థాయిలో దేశమంతా జరిగింది. కరెంటు ప్లాంట్లు, స్టీలు, రోడ్ల కంపెనీలకు ఇచ్చిన వేల కోట్ల అప్పులు తీరకపోతే, పాతది తీర్చడానికి కొత్తది ఇచ్చి, గడువులు పొడిగించి, బాగున్నట్టే చూపించారు. 2015లో రఘురాం రాజన్ రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉండగా ఆస్తుల నాణ్యత తనిఖీ అని ఒకటి మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టర్లు వచ్చి, ఇదిగో ఇది మొండి బాకీ, ఇదీ మొండి బాకీ అని గీతలు కొట్టారు. 2018 మార్చి నాటికి మొత్తం అప్పుల్లో మొండి బాకీలు 11 శాతం దాటాయి. మా బ్యాంకుల్లో చాలామంది రాజన్‌ను తిట్టుకున్నారు. నేనూ తిట్టుకున్నాను. ఆయన కొత్తగా పుట్టించిందేమీ లేదు, ఉన్నదానికి పేరు పెట్టాడంతే. ఆ గుంత పూడ్చడానికి 2017 అక్టోబరులో కేంద్రం ప్రభుత్వ బ్యాంకులకు 2.11 లక్షల కోట్ల మూలధనం ప్రకటించింది. అది ఎవరి డబ్బో చెప్పనక్కర్లేదు.

2025 మార్చికి ఆ 11 శాతం 2.3 దగ్గరికి దిగింది. మంచిదే. కానీ అందులో రైటాఫ్ చేసి పుస్తకం నుంచి తీసేసిన బాకీలు కూడా బాగానే ఉన్నాయి, మొత్తం వసూలైపోయిందని అనుకోవద్దు. అయినా వాట్సాప్ మెసేజ్ చెప్పే ‘లోపల డొల్ల’ అన్నది 2018 నాటికి ఎంతో కొంత నిజం, ఇవాళ్టికి కాదు. మెసేజ్ ఏడేళ్లు లేటు.

ఇంకో ప్రమాదం ఉంది. దీన్ని మన జిల్లాల వాళ్లకు చెప్పడం తేలిక. పొగాకు ఊళ్లో బ్రాంచి లెక్కలు చూడండి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల రుణాలు, పంట రుణాలు, ట్రాక్టర్లు, ఎరువుల షాపు క్యాష్ క్రెడిట్ అప్పు, కిరాణా కొట్టు ముద్రా లోను, టీచరమ్మ ఇంటి లోను, బంగారం. కాగితం మీద పది రకాలు. వేలంలో ధర పడిన ఏడాది చూస్తే టీచరమ్మది తప్ప మిగతావన్నీ ఒకటే అప్పు. ఆ అప్పు పేరు పొగాకు ధర. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైటుదీ ఇదే కథ, బయటి దేశాల్లో కొనేవాళ్లు తగ్గితే లారీ ఫైనాన్సు నుంచి టీ కొట్టు దాకా అన్నీ ఆగుతాయి. నెల్లూరు తీరంలో రొయ్యలు. తొంభైల నడుమ వైట్ స్పాట్ వైరస్ వచ్చి చెరువులు ఎండబెట్టుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు వైరస్ అక్కర్లేకుండానే ధర పడింది.

దేశం స్థాయిలో కూడా ఇంతే. ఒక్క బ్యాంకు చెడితే పక్క బ్యాంకు కలుపుకుంటుంది. అందరూ ఒకే గంపలో చెయ్యి పెట్టి ఉంటేనే వ్యవస్థ ఊగుతుంది. 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో, తాకట్టు లేకుండా చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్సు కంపెనీల మీద ఆర్డినెన్సు వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు సారా మీద పోరాడిన నెల్లూరు జిల్లా మనది, ఆ ఊపులోనే రోజుకు రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు పుట్టాయి. తర్వాత అవే ఇళ్లకు కంపెనీలు నాలుగైదు వైపుల నుంచి అప్పులు కుమ్మరించాయి. కంతులు కట్టలేక జనం అల్లాడారు. ఆర్డినెన్సుతో వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. దెబ్బ కంపెనీల దగ్గర ఆగలేదు, ఆ కంపెనీలకు అప్పులిచ్చింది బ్యాంకులే కదా. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ 90 వేల కోట్లకు పైగా అప్పులతో చేతులెత్తేసినప్పుడూ అదే జరిగింది. బ్యాంకు కాని సంస్థ అది, కానీ దాని అప్పు పత్రాలు బ్యాంకుల దగ్గరా, మ్యూచువల్ ఫండ్ల దగ్గరా ఉన్నాయి.

ఇప్పుడు బ్యాంకులను ఒకదానికొకటి కలిపే తీగలు ఇంకా ఎక్కువయ్యాయి. 2020 మార్చి 5న యస్ బ్యాంకు మీద మారటోరియం, అంటే చెల్లింపుల మీద ఆంక్ష, పెట్టి మనిషికి 50 వేలే అన్నారు. ఆ రాత్రి ఆ బ్యాంకులో ఖాతా లేనివాళ్లకు కూడా ఫోన్‌పే పనిచేయలేదు, దాని లావాదేవీలు ఆ బ్యాంకు ద్వారా నడిచేవి కాబట్టి. 2024 జులై ఆఖరున సీ-ఎడ్జ్ అనే కంపెనీ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగితే, ముందు జాగ్రత్తగా దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులను కాసేపు వేరు చేయాల్సి వచ్చింది.

ఇవాళ నన్ను కంగారు పెట్టేవి రెండు. తాకట్టు లేని పర్సనల్ లోన్లు ఒకటి, 2023 నవంబరులోనే రిజర్వ్ బ్యాంకు వాటికి బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనం పెంచింది. రెండోది బంగారం. మన దగ్గర వ్యవసాయ రుణమంటే చాలాచోట్ల బంగారు రుణమే. ధర పెరుగుతున్నంత కాలం ఏడాదికోసారి వడ్డీ కట్టి, పెరిగిన విలువ మీద ఇంకొంచెం తీసుకుని తిప్పుతూ ఉంటారు. పసుపు మరక కట్ట గుర్తొస్తోందా? నాకైతే వస్తోంది. ధర గట్టిగా పడితే ఏమవుతుందో ఈ తరం మేనేజర్లు చూడలేదు.

ఇక మీ డబ్బు సంగతి. 5 లక్షల మాట నిజమే. డిపాజిట్ ఇన్సూరెన్స్ సంస్థ, అంటే డీఐసీజీసీ, ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా హామీ ఇస్తుంది. 1960లో కేరళలో పాలాయ్ సెంట్రల్ బ్యాంకు కూలిన తర్వాత, 1962లో ఇది మొదలైంది, అప్పట్లో 1,500 రూపాయలే. 1993 నుంచి లక్ష, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. బ్యాంకు మీద ఆంక్షలు పెట్టాక 90 రోజుల్లో ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు. ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచిల్లో వేసినా ఒక్క మనిషి కిందే లెక్క.

అయితే 5 లక్షలకు పైన ఉన్నది గాలికి పోతుందని కాదు. 2004 జులైలో హైదరాబాదు కేంద్రంగా ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు పడిపోతే మూడు వారాల్లో ఓరియంటల్ బ్యాంకులో కలిపారు. యస్ బ్యాంకును స్టేట్ బ్యాంకు, ఇంకొన్ని బ్యాంకులు డబ్బు పెట్టి నిలబెట్టాయి, రెండు వారాల్లో మారటోరియం తీసేశారు. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్‌కు అప్పగించారు. మూడింటిలోనూ డిపాజిటర్ల డబ్బు దక్కింది. పోయింది షేర్లు కొన్నవాళ్లది. యస్ బ్యాంకులో అయితే ఎక్కువ వడ్డీ ఆశతో ఏటీ-1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగలిగేవి) కొన్నవాళ్లది 8,415 కోట్లు రద్దయింది. మీ నాన్నగారిది ప్రభుత్వ బ్యాంకు. కాగితం మీద హామీ 5 లక్షలే అయినా, దాన్ని కూలనిచ్చి ఏ ప్రభుత్వమూ ఎన్నికలకు వెళ్లలేదు. 2017లో ఆ 2.11 లక్షల కోట్లు అందుకే వచ్చాయి.

సహకార బ్యాంకుల సంగతి వేరు. 2019 సెప్టెంబరులో ముంబయి పీఎంసీ బ్యాంకు చూడండి. మొత్తం అప్పుల్లో నాలుగింట మూడు వంతుల దాకా ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకు ఇచ్చి, 21 వేలకు పైగా దొంగ ఖాతాల వెనక దాచారు. మొదట్లో మనిషికి వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. తర్వాత యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపినా, పెద్ద మొత్తాలున్నవాళ్లకు పదేళ్ల వాయిదాల మీద ఇచ్చే ఏర్పాటు. అయినా దానికి కనీసం ఇన్సూరెన్స్ ఉంది.

మీ 4 లక్షలున్న సొసైటీకి అది కూడా లేదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టం కింద రిజిస్టరైన సొసైటీకి రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉండదు, డీఐసీజీసీ ఉండదు. ఊళ్లో ప్రాథమిక సహకార సంఘం డిపాజిట్లకూ అంతే. బోర్డు మీద ‘బ్యాంకు’ అని రాసుకున్నా, పాస్‌బుక్కు అచ్చం బ్యాంకుదిలాగే ఉన్నా ఒకటే. మీరు వెళ్లి అడగాల్సింది రెండు మాటలు: డీఐసీజీసీ రిజిస్ట్రేషన్ ఉందా, కిందటేడు ఆడిట్ రిపోర్టు చూపిస్తారా. ‘మా అధ్యక్షుడు పెద్ద మనిషి’ అన్న జవాబు వస్తే గడువు తీరిన రోజే తీసేయండి, రెన్యువల్ వద్దు.

మేనమామగారిని నొప్పించకుండా ఇది చెప్పండి. మేత డీలరు చెరువులకు మేత అప్పు ఇస్తాడు, పంట పట్టాక వసూలు చేసుకుంటాడు. ఆయన కూడా ఒక బ్యాంకే. సీఆర్ఆర్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, తనిఖీకి వచ్చేవాడు లేడు, ఇచ్చిన అప్పులన్నీ ఒకే రొయ్య మీద. ఏడాదికి 24 శాతం ఇస్తున్నాడంటే బ్యాంకు ఆయనకు ఇంకా ఇవ్వనందనే అర్థం.

18 లక్షలు మధ్యలో తీస్తే వడ్డీ కోసుకుంటారు, తీయొద్దు. నాన్నగారికి మనశ్శాంతి కావాలంటే, గడువు తీరిన రసీదులు ఒక్కొక్కటిగా పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములోకి మార్చండి. 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది.

ఈలోపు ఒక పని చేయండి, రేపే. ఆ రసీదులు బయటికి తీసి నామినీ ఎవరో చూడండి. టీచర్ల డిపాజిట్లు నేను చాలా చూశాను, ఎప్పుడో పోయిన తల్లి పేరు అలాగే ఉండిపోతుంది. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలు పెట్టుకోవచ్చు. ఫారం బ్రాంచిలోనే ఇస్తారు, పొద్దున పదిన్నరకు వెళ్తే రద్దీ ఉండదు.